అరికాలి లెక్క

ఏప్రిల్ మూడో ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకు, ఖాజాగూడలోని ఒక కిరాయి ఇంటి డాబా మీద, కొమురమ్మ చెప్పులు విడిచి కాఫీ రంగు పలక ఎక్కి నిలబడింది. బడిపిల్లలా పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎండ నలభై రెండు డిగ్రీలుంది. ఆమె భర్త ఐలయ్య మెట్ల గది నీడలో గొంతుక్కూర్చుని, చెవి మీది పెన్సిలు చేతిలోకి తీసుకుని, ఆమె ఏ అంకె దగ్గర దిగుతుందా అని చూస్తున్నాడు. ఆమె అరవై దాకా వచ్చి ఆగింది. కాలు కాలి ఆగలేదు. విసుగు పుట్టి ఆగింది.

"సాలా? ఇంక వెట్టాల్నా?"

"కాల్తలేదా?"

"ఏం కాల్తలేదు. మంచిగున్నది పలక. తీస్కొమ్మను మీ సార్‌ను."

ఐలయ్య పలకను తిరగేసి దాని వీపున అరవై అని రాశాడు. సంతోషంగానే రాశాడు. కొమురమ్మ కుడి అరికాలు ఆ నిమిషంలోనే కాలింది. అది ఆమెకూ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు. తర్వాతి నాలుగు నెలలూ ఆ కాలు దక్కించుకోవడానికే సరిపోయాయి.

ఐలయ్యకు యాభై నాలుగేళ్లు. జనగామ దగ్గరి పల్లె నుంచి ఇరవై రెండేళ్ల కింద వచ్చాడు. వడ్రంగం ఆయన కులవృత్తి కాదు. గచ్చిబౌలిలో ఆఫీసు భవనాలకు తలుపులు బిగించే మేస్త్రీ వెంట తిరిగి నేర్చుకున్నాడు. తర్వాత అపార్ట్‌మెంట్లు లేచాయి. బాల్కనీల్లో, డాబాల మీద, ఈత కొలనుల చుట్టూ చెక్క నేల వేయించుకోవడం మొదలైంది. దాన్ని డెక్ అంటారు. మొదట్లో టేకు వేశారు. రెండు ఎండలు, రెండు వానలకు అది నోరు తెరిచింది. అప్పుడు వచ్చింది రంపపు పొట్టు, ప్లాస్టిక్ కలిపి పోసిన పలక. చూడ్డానికి చెక్కే, చెద పట్టదు, పాలిష్ అక్కర్లేదు అని కంపెనీ మనుషులు కేటలాగులు పట్టుకుని తిరిగారు. ఆ కేటలాగుల్లో డెక్ మీద మంచు పడి ఉంటుంది. వెనక సూదిమొనల్లాంటి చెట్లు ఉంటాయి. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా ఐలయ్యకు ఒకటే అనుమానం. మంచులో బతికిన పలక మన మే నెలలో బతుకుతుందని ఎవరు చెప్పారు?

నమ్మి రెండుసార్లు దెబ్బతిన్నాడు. ఒకచోట లోపల బోలుగా ఉన్న పలకల్లో వాన నీళ్లు చేరి, ఎండకు ఉబ్బి పగిలాయి. ఇంకోచోట చివర్ల సందు వదలకుండా బిగిస్తే పలకలు పెరిగి ఒకదాన్నొకటి తోసుకుని విల్లులా లేచాయి. ఎనిమిది అడుగుల పలక పొద్దుటికీ మధ్యాహ్నానికీ మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ సంగతి కేటలాగు చెప్పలేదు. ఇంటి డాబా మీద పలక పరిచి, ఉదయం ఏడింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి టేపు పట్టి తానే కనుక్కున్నాడు.

అప్పటి నుంచి కొత్త రకం ఏది వచ్చినా ముక్క తెచ్చుకుని డాబా మీద పడేస్తాడు. ఎండాకాలమంతా ఎండలో ఉంచుతాడు. వాన మొదలయ్యాక నీళ్ల డ్రమ్ములో ముంచి తీసి తూకం వేస్తాడు. మేకుతో గీస్తాడు. ఫ్రేము పట్టీల మధ్య దూరం కంపెనీ పదహారు అంగుళాలు అంటే ఈయన పన్నెండు పెట్టుకుంటాడు. ఇనుప పట్టీ తుప్పు పడుతుందని అల్యూమినియమే కావాలంటాడు. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ అపార్ట్‌మెంట్లకు తోటలు, డెక్కులు కాంట్రాక్టుకు చేసే సురేంద్ర ఆరేళ్లుగా ఈయన్ను అడక్కుండా పలక కొనలేదు.

ఒక్క పరీక్ష మాత్రం ఐలయ్య తాను చేసుకోలేకపోయేవాడు. పలక ఎంత కాలుతుందో తెలియాలి. డెక్ మీద నడిచేవాళ్లు చెప్పులు లేకుండా నడుస్తారు. ఐలయ్య అరికాళ్లు చెప్పు అట్టల్లా గట్టిపడిపోయాయి, నిప్పు తొక్కినా ఒక క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. కొమురమ్మ కాళ్లు అలాంటివి కావు. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో పదకొండేళ్లుగా హౌస్‌కీపింగ్ పని. ఆఫీసులో తొడుక్కోవడానికి ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన నల్ల బూట్లు, సాక్సులు, రోజంతా ఏసీ.

"నీ కాళ్లు దొరసాని కాళ్లయినయి. వాళ్లకెట్ల కాల్తదో నీకు గట్లనే కాల్తది. జర నిలబడు" అన్నాడు మొదటి ఏడు.

ఏడు లెక్కపెట్టేసరికి ఆమె "నీ పలక పాడుగాను!" అని అరుస్తూ తడి గోనెసంచి మీదికి దూకింది. పక్క డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్న వసంత పడీ పడీ నవ్వింది.

"కొమురక్కా, ఎండల బతుకమ్మ ఆడుతున్నవా ఏంది?"

"నువ్వు రా, ఇద్దరం ఆడుదం. మా ఆయినె చప్పట్లు కొడ్తడు."

అలా మొదలైంది. పది లోపు దిగితే పలక వద్దు. ఇరవై దాటితే పలక తీసుకోవచ్చు. ప్రతి పలక వీపునా ఏడాది, అంకె. ఎండాకాలం ఆదివారాల్లో వాళ్లిద్దరూ కలిసి చేసే పని అదొక్కటే. మిగతా రోజుల్లో ఆమె పొద్దున ఆరింటికి ఆఫీసు బస్సు ఎక్కితే ఆయన సైటు నుంచి వచ్చేసరికి పడుకుని ఉండేది. ఆఫీసులో తోటి ఆడవాళ్లకు కొమురమ్మ గొప్పగా చెప్పుకునేది. పుప్పాలగూడ టవర్లలో ఏ నేల ఉండాలో నా అరికాలు చెబుతుంది అనేది. వాళ్లు నమ్మేవాళ్లు కాదు.

కొత్త పలకలతో పోల్చి చూడ్డానికి ఐలయ్య ఒక పాత ముక్కను పక్కన పెట్టుకున్నాడు. మూడడుగుల చాక్లెట్ రంగు పలక. పేరు ముసలిది. ప్రతి ఏడూ ముందు దాని మీద నిలబడాలి, తర్వాతే కొత్తవాటి మీద. ముసలిదాని మీద మొదటి ఏడు పదకొండు వచ్చింది. రెండో ఏడు పన్నెండు. మూడో ఏడు పదహారు. ఆ తర్వాత ఇరవై నాలుగు, ముప్ఫై ఎనిమిది. ఐలయ్య దాన్ని పట్టి పట్టి చూశాడు. రంగు వెలిసింది. వెలిసిన రంగు వేడి తక్కువ పీల్చుతుంది. అందుకే అంకె పెరుగుతోంది అని తేల్చుకున్నాడు. ఈ ఏప్రిల్లో ముసలిదాని మీద కూడా ఆమె అరవై దాకా నిలబడింది.

"ముసలైనంక బుద్ధొచ్చింది దీనికి" అన్నాడు నవ్వుతూ.

"నీకెప్పుడొస్తదో మరి" అంది ఆమె.

పలక వెలిసిపోవడం నిజమే. వెలిసిన పలక కాస్త తక్కువ కాలడమూ నిజమే. అంత తేడా రాదు. పలకల సంగతి అంత తెలిసిన మనిషికి ఆ తేడా కనబడలేదు.

కనబడవలసినవి ఇంకా ఉన్నాయి. మూడేళ్ల కింద ఆఫీసులో రక్తపరీక్షల క్యాంపు పెడితే కొమురమ్మకు షుగర్ ఉందని చీటీ రాసిచ్చారు. రెండు నెలలు మాత్రలు మింగింది. కడుపులో తిప్పుతోందని మానేసింది. ఆ రోజుల్లో అరికాళ్లు తిమ్మిరెక్కి చీమలు పాకినట్టు ఉండేది. ఐలయ్య కొబ్బరినూనె వెచ్చబెట్టి రాసేవాడు. కొన్నాళ్లకు తిమ్మిరి పోయింది. నూనె పనిచేసిందని ఇద్దరూ అనుకున్నారు. నిరుడు వానాకాలంలో ఒకరోజు ఆమె బస్సు దిగి ఇంటిదాకా ఒక కాలికే చెప్పుతో నడిచి వచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదు. "గింత మతిమరుపేందే" అని ఐలయ్య ఆటపట్టించాడు. ఆమె కూడా కడుపు పట్టుకుని నవ్వింది.

అరవై అంకె విని సురేంద్ర కాఫీ రంగు పలకే ఖాయం చేశాడు. పుప్పాలగూడలో ముప్ఫై మూడంతస్తుల టవర్ల క్లబ్‌హౌస్, ఈత కొలను చుట్టూ పద్నాలుగు వందల చదరపు అడుగులు. ఐలయ్య దగ్గరుండి వేశాడు. పన్నెండంగుళాలకు ఒక అల్యూమినియం పట్టీ, చివర్ల అయిదు మిల్లీమీటర్ల సందు, నీళ్లు జారడానికి వాలు. పనిలో వంక పెట్టడానికి లేదు. మే రెండో ఆదివారం కొలను తెరిచారు. పదకొండింటికి నీళ్లలోంచి బయటికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆ నేల మీద మూడడుగులు వేసి, కేకలు పెడుతూ మళ్లీ నీళ్లలోకే దూకారు. పన్నెండింటికి సురేంద్ర ఫోన్ చేసి పిలిపించాడు.

ఐలయ్య వెళ్లేసరికి ఆయన చేతిలో తుపాకీలాంటి మీటరు ఉంది. దాన్ని పలక వైపు గురిపెట్టి నొక్కితే అరవై ఏడు డిగ్రీలు చూపించింది.

"ఏమప్పా ఐలయ్యా, ఇదేనా నువ్వు చూసి చెప్పింది? మీ ఆడామె కాళ్లు ఇనుముతో చేసినారా ఏమి?"

"సార్, నన్నేమన్నా అనుండ్రి. ఆమెను అనకుండ్రి. ఆరేండ్లసంది ఆమె కాలు ఒక్కసారి తప్పు చెప్పలే."

"ఇప్పుడు చెప్పింది కదప్పా. అసోసియేషన్ వాళ్లు నా మీద పడి ఏడుస్తాండారు."

ఐలయ్య మిగిలిన ముక్క ఒకటి బండికి కట్టుకుని నేరుగా ఇంటికొచ్చాడు. కొమురమ్మ అన్నం తింటోంది. తిననివ్వలేదు. డాబా మీదికి రమ్మన్నాడు.

"ఇంకోపాలి నిలబడు. ఆ మీటరే ఖరాబున్నదని నేను చూపిస్త."

"కుడి కాలుకు బూటు కరిచింది. పుండయింది. ఎడమది వెడ్త."

"రెండు వెట్టు. ఎప్పటి లెక్కనే చెయ్యి."

ఆమె ఎక్కింది. ఆయన మొహం చూసి ఏదో పెద్ద గొడవే అయిందని అర్థమై, పనిగట్టుకుని గట్టిగా లెక్కపెట్టింది. నలభై దగ్గర ఐలయ్య చేయెత్తాడు. "గదీ! నేను చెప్పలే!" అన్నాడు, అక్కడ లేని సురేంద్రతో. ఆమె దిగింది. పలక మీద కుడి కాలు ఉన్నచోట తడి మచ్చ మిగిలింది. గోనెసంచి తడి అనుకున్నాడు. ఆ రోజు గోనెసంచి తడపనేలేదని గుర్తొచ్చింది. వంగి చూశాడు. నీళ్లు కాదు. వాసన వచ్చింది.

ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి పాదం ఒళ్లో పెట్టుకుని తిప్పాడు. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత గుంత. అంచులు తెల్లగా, నడుమ నల్లగా. ఏప్రిల్లో లేచిన బొబ్బ. బూటు కరిచిందనుకుని పసుపు అద్ది, దాని మీదే సాక్సు తొడుక్కుని, మూడు వారాలు రోజుకు తొమ్మిది గంటలు నిలబడి పనిచేసింది.

"ఏమున్నది? బూటు కరిసిందే గదా" అంది కొమురమ్మ, మెడ వంచి చూడబోతూ.

ఆయన పాదాన్ని చేత్తో మూసేశాడు.

పెళ్లయి లింగంపల్లిలో ఉంటున్న కూతురు రజితకు ఫోన్ చేస్తే ఆమె గంటలో వచ్చింది. ముగ్గురూ ఆటోలో పెద్ద దవాఖానకు వెళ్లారు. షుగర్ మూడు వందల ఎనభై ఉంది. ప్రియదర్శిని అనే డాక్టరమ్మ సన్నటి నైలాన్ దారం తీసింది.

"కళ్లు మూసుకోండమ్మా. పాదానికి ఏదైనా తగిలినట్టుంటే చెప్పండి."

కుడి పాదం మీద పదిచోట్ల దారం మొన నొక్కి చూసింది. తర్వాత ఎడమ పాదం మీద పదిచోట్ల. కొమురమ్మ చాలాసేపు ఓపిగ్గా కూర్చుంది.

"ఇంక మొదలువెట్టలేదా మేడం?" అంది.

డాక్టరమ్మ దారం పక్కన పెట్టింది. కాళ్లలో స్పర్శ పోయి ఎంతకాలమైందండీ అని ఐలయ్యను అడిగింది. తెల్వదు మేడం అన్నాడు. ఆ మాట నిజమేననుకున్నాడు. వార్డులో చేర్చుకున్నారు. బట్టలు తెమ్మంటే ఇంటికి వచ్చి, సంచి సర్దుకుని, డాబా మీద ఆరేసిన చీర తీయబోయాడు. ముసలిది గోడకు బోర్లా ఆనించి ఉంది. వీపు ఇటువైపు. ఆరు అంకెలు ఒకదాని కింద ఒకటి, తన చేతిరాతే. ఆ అంకెల ముందు ఆయన ఎంతసేపు నిలబడ్డాడో పక్క డాబా నుంచి వసంత చూసింది. అన్నా, ఏమైందే అని రెండుసార్లు పిలిచింది.

మర్నాడు దవాఖానకు బట్టల సంచితో పాటు ఆ పలకను కూడా మోసుకుపోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ చెక్క లోపలికెందుకని ఆపితే, మేడం రిపోర్టు తెమ్మన్నది అని చెప్పాడు.

ప్రియదర్శిని దాన్ని బల్ల మీద పెట్టించుకుని, ఏ అంకె ఏమిటో ఆయన చెబుతుంటే వింది. ఒకే పలక. ఒకే నెల, ఒకే వేళ. ఆమె ఎంతసేపు నిలబడిందో. డాక్టరమ్మ వేలు మూడో అంకె మీద ఆగింది. పదహారు.

"ఇంత వివరంగా మాకు ఎవరూ రాసి తేరండి" అంది. పదహారు మీది వేలు తీయకుండానే, "ఈ అంకె వచ్చిన ఏడే వచ్చి ఉంటే మాత్రలతో ఆగేది" అంది. ఆమె దెప్పడానికి అనలేదు. అడగకుండానే చెప్పవలసిన మాట కాబట్టి చెప్పింది.

బయట వరండాలో రజిత తండ్రిని నిలదీసింది.

"అమ్మ కాలు మీటరా నాయినా? కాల్తదని తెలిసే ఎక్కించినవు గదా. ప్రతి ఏడు ఎక్కించినవు."

"కాల్తే దిగుతదనుకున్న బిడ్డా."

"కాలకపోతే? కాలకపోతే ఏమనుకున్నవు?"

పలక మంచిదనుకున్నానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

జూన్‌లో బొటనవేలు తీసేశారు. జూలైలో ఇంకో రెండు వేళ్లు. పుండు ఎముక దాకా పోయింది. మానినట్టే కనబడేది, వారానికి మళ్లీ చీము పట్టేది. ఐలయ్య పొద్దున కట్టు కట్టించి, పుప్పాలగూడ పోయి తాను వేసిన పలకలు తానే ఊడదీశాడు. కొత్తవి సురేంద్ర తెప్పించాడు. ఇసుక రంగువి, లోపల బోలు లేనివి, మీద పొర ఉన్నవి. ఐలయ్యను పని మాన్పించలేదు. మీటరు ఐలయ్య చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే పెట్టుకోప్పా" అన్నాడు. ఆ రోజు కొలను దగ్గర కొమురమ్మ కాళ్ల గురించి అన్న మాటకు ఇంకేదో కూడా చెప్పాలని చూశాడు గాని, చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఇరవై రోజులు డ్యూటీకి రాకపోయేసరికి ఏజెన్సీ వాళ్లు కొమురమ్మ స్థానంలో వేరే ఆమెను పెట్టుకున్నారు. సూపర్‌వైజర్ నాగేశ్వరి ఫోన్ చేసి, తనకూ ఇష్టం లేదంటూనే, బూట్లు వాపసు ఇవ్వాలని చెప్పింది. ఐలయ్య వాటిని కడిగి, ఎండబెట్టి, కవర్లో పెట్టి ఇచ్చి వచ్చాడు.

"కడిగినవా? లోపట అంత చీమే ఉండె" అంది కొమురమ్మ.

"కడిగిన."

"ఇంకో ఆమె తొడుక్కుంటది గద. అందుకే అడిగిన."

ఆగస్టు మొదటివారంలో ఒక మధ్యాహ్నం వార్డులో ఆమె పక్కన కూర్చుని ఆయన అరటిపండు ఒలవబోయాడు. షుగర్ కదా అని గుర్తొచ్చి తానే తిన్నాడు. ఆమె నవ్వింది. పుప్పాలగూడల పని ఒడిసిందా అని అడిగింది.

"ఒడిసింది. ఇసుక రంగు ఏసినం. ఇప్పుడెవలు లొల్లి చేస్తలేరు."

"ఎవలు నిలబడ్డరు దాని మీద?"

"ఎవలు నిలబడలే. మీటరు వెట్టి చూసిన. రెండింటికి యాభై ఒకటి చూపిచ్చింది."

కొమురమ్మ కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమైందే అని ఆయన అడిగితే ఏం లేదంది. మళ్లీ అడిగితే, "ఇగ నాతోని ఏం పని నీకు ఆ డాబా మీద" అంది, గోడతోనే.

ఆయన ఆమె భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి ఆమెకు తెలిసింది. తోసెయ్యలేదు, ఇటు తిరగలేదు.

సాయంత్రం రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు కట్టు విప్పి చూసి, ఐలయ్యను బయటికి పిలిచాడు. చీము పిక్కలోకి ఎక్కుతోందని, ఇంక ఆగితే ప్రాణానికే వస్తుందని చెప్పాడు. ఐలయ్య ఎంత తీస్తారు అని అడగలేదు. ఎంత ఉంచుతారు సార్ అని అడిగాడు. డాక్టరు కాగితం మీద రాసి, వేలిముద్ర వేస్తావా సంతకం చేస్తావా అన్నాడు. సంతకం చేస్తానని ఐలయ్య చెవి మీది పెన్సిలు తీస్తే, డాక్టరు తన జేబులోని పెన్ను ఇచ్చాడు.

ఆపరేషన్ గురువారం ఉదయం ఎనిమిదింటికి. కుడి కాలు, మోకాలి కింద పద్నాలుగు సెంటీమీటర్లు మిగులుతుంది.